ఆసుపత్రికి పక్షం లేదు

2015 అక్టోబరు 3 తెల్లవారుజాము. ఉత్తర అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్ పట్టణంలో ఐదు రోజులుగా పోరు సాగుతోంది. సెప్టెంబరు 28న తాలిబన్లు పట్టణాన్ని పట్టుకున్నారు. దాన్ని తిరిగి చేజిక్కించుకోవడానికి అఫ్గాన్ ప్రభుత్వ సేనలు, వాటికి అండగా అమెరికా ప్రత్యేక దళాలు ప్రయత్నిస్తున్నాయి. ఊరంతా చీకటి. దీపాలు వెలుగుతున్న కొద్ది భవనాల్లో ఒకటి డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ నడిపే ట్రామా ఆసుపత్రి. లోపల 105 మంది రోగులున్నారు. రెండు గంటలు దాటిన కొద్ది నిమిషాలకు అమెరికా వైమానిక దళానికి చెందిన ఏసీ-130 విమానం ఆ భవనం చుట్టూ తిరుగుతూ కాల్పులు మొదలుపెట్టింది. అమెరికా విచారణ లెక్కలో ఆ కాల్పులు అరగంట సాగాయి. ఆసుపత్రి వాళ్ల లెక్కలో గంటకు పైగా. మొదట దెబ్బతిన్నది ఐసీయూ. కదలలేని రోగులు మంచాల మీదే కాలిపోయారు. బయటికి పరుగెత్తిన వాళ్ల మీద కూడా పైనుంచి కాల్పులు జరిగాయని ప్రాణాలతో మిగిలిన సిబ్బంది చెప్పారు. మొత్తం 42 మంది చనిపోయారు. అందులో 24 మంది రోగులు, 14 మంది సిబ్బంది, నలుగురు రోగులకు తోడుగా వచ్చిన వాళ్లు.

పదేళ్లు దాటిన ఈ సంగతి బడి పేజీలో ఎందుకు అని అడగవచ్చు. కుందుజ్ తర్వాత ఇలాంటివి ఆగలేదు, పైగా అవి ఇప్పుడు పిల్లల చేతుల్లోని ఫోన్లలోకి వస్తున్నాయి. 2022 మార్చిలో ఉక్రెయిన్‌లోని మరియుపోల్ ప్రసూతి ఆసుపత్రి శిథిలాల నుంచి నిండు గర్భిణిని స్ట్రెచర్ మీద మోసుకొస్తున్న ఫొటో చూడని హైస్కూలు పిల్లలు తక్కువ. ఆ తర్వాత గాజా, సూడాన్. చూసిన పిల్లలు అడుగుతారు. ఇంట్లో మనం చెప్పే జవాబు ఎక్కువగా ఒకటే. "యుద్ధమన్నాక ఇవన్నీ మామూలే." స్టాఫ్ రూముల్లోనూ ఈ మాట వినిపిస్తుంది.

ఆ జవాబు తప్పు. అది కఠినమైన మాట కాబట్టి తప్పు అనడం లేదు. విషయపరంగానే తప్పు. యుద్ధంలో ఆసుపత్రి జోలికి పోకూడదన్నది ప్రపంచంలోని దేశాలన్నీ సంతకం పెట్టిన నియమం. దాన్ని మీరేవాళ్లు కూడా నియమం లేదని అనరు. పొరపాటు జరిగిందంటారు, లేదా అక్కడ శత్రువులు దాక్కున్నారంటారు. నియమం లేకపోతే ఇన్ని సాకులు వెతుక్కునే పని వాళ్లకు ఉండదు కదా. పిల్లలకు "మామూలే" అని చెప్పినప్పుడు, దాడి చేసినవాడు కూడా అడగని మినహాయింపును మనమే వాడికి ఇస్తున్నాం.

మన కథలు కూడా "మామూలే" అనలేదు. కురుక్షేత్రంలో యుద్ధం మొదలయ్యే ముందే రెండు పక్షాలూ కట్టుబాట్లు చెప్పుకున్నాయి. ఆయుధం లేనివాణ్ని, పారిపోయేవాణ్ని, రథం తోలేవాణ్ని, భేరీ మోగించేవాణ్ని కొట్టకూడదు. పద్దెనిమిది రోజుల్లో వాటిలో చాలావరకు మంట కలిశాయి, నిజమే. కానీ రాత్రివేళ శిబిరంలో దూరి నిద్రలో ఉన్నవాళ్లను చంపిన అశ్వత్థామను ఏ కథకుడూ వీరుడిగా చెప్పలేదు. ఆ పేరు ఎత్తితే ఇప్పటికీ ఏ అవ్వకైనా గుర్తొచ్చేది ఆ రాత్రే. నియమాన్ని మీరారు కాబట్టి నియమమే లేదని మన పెద్దలు అనుకోలేదు.

ఇప్పటి నియమం పుట్టింది ఇటలీలో. 1859 జూన్ 24న సోల్ఫెరీనో దగ్గర ఒకవైపు ఆస్ట్రియా, మరోవైపు ఫ్రాన్స్, సార్డీనియా సేనలు తలపడ్డాయి. వ్యాపారం పని మీద అటు వచ్చిన జెనీవావాసి అన్రీ డ్యూనాన్, పక్కనున్న కాస్టిల్యోనే అనే ఊళ్లో వేలమంది క్షతగాత్రులు చర్చిల్లో, వీధుల్లో పడి ఉండటం చూశాడు. ఊరి ఆడవాళ్లు నీళ్లు, గుడ్డలు తెచ్చి ఏ దేశం సైనికుడని చూడకుండా అందరికీ సేవ చేశారు. డ్యూనాన్ ఆ అనుభవాన్ని 1862లో పుస్తకంగా రాశాడు. మరుసటి ఏడాది రెడ్‌క్రాస్ పుట్టింది. 1864 ఆగస్టు 22న పన్నెండు దేశాలు మొదటి జెనీవా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. రణరంగంలోని ఆసుపత్రులు, అంబులెన్సులు, వాటిలో పనిచేసేవాళ్లు ఎవరి పక్షమూ కాదని, గాయపడ్డవాడు ఏ దేశం వాడైనా వైద్యం చేయాలని దాని సారం. రెండో ప్రపంచ యుద్ధం చూశాక 1949లో ఈ ఒప్పందాలను విస్తరించి నాలుగు చేశారు. నాలుగో దానిలోని 18వ అధికరణం పౌర ఆసుపత్రుల మీద ఏ పరిస్థితుల్లోనూ దాడి చేయకూడదంటుంది. అంతర్యుద్ధాలకు ఉమ్మడి మూడో అధికరణం ఉంది. గాయపడ్డవాళ్లను చేరదీసి వైద్యం అందించాలని అది చెబుతుంది. మన దేశం 1950లోనే వీటికి ఒప్పుకుని, 1960లో జెనీవా కన్వెన్షన్ల చట్టం చేసింది.

ఇంతవరకు పాఠం తేలికే. తరగతిలో అసలు ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. "శత్రువుకు నయం చేస్తే మళ్లీ తుపాకీ పట్టుకుని మన మీదికే వస్తాడు కదా, సార్?" మంచి ప్రశ్న ఇది. పెద్ద సైన్యాధికారులు కూడా ఇదే అడిగారు. దీన్ని దాటేయకూడదు. దీనికి కుందుజ్‌లోనే జవాబు ఉంది.

ఆ ఆసుపత్రి 2011 ఆగస్టులో మొదలైంది. గేటు దగ్గర ఆయుధాలు వదిలి రావాలి. లోపల ఎవరు ఏ పక్షమో ఎవరూ అడగరు. గాయం ఎంత తీవ్రమైందన్నదే చూస్తారు. పట్టణం ప్రభుత్వం చేతిలో ఉన్నన్నాళ్లు అక్కడికి వచ్చిన సైనికుల్లో ఎక్కువమంది ప్రభుత్వ సైనికులే. సెప్టెంబరు 28న పట్టణం చేతులు మారగానే మంచాల లెక్క తారుమారైంది. దాడి జరిగిన రాత్రి ఉన్న రోగుల్లో సుమారు 20 మంది తాలిబన్ యోధులు, ముగ్గురో నలుగురో ప్రభుత్వ సైనికులు, మిగిలినవాళ్లు మామూలు జనం, పిల్లలు. మొదటి నాలుగేళ్లలో ఆ డాక్టర్లు "తాలిబన్‌కు వైద్యం చేయం" అని ఉంటే ఏమయ్యేది? పట్టణం తాలిబన్ల చేతికి వచ్చిన మొదటి గంటలోనే ఆ ఆసుపత్రి మూతపడేది. అప్పటికి మంచాల మీదున్న ప్రభుత్వ సైనికుల గతి చెప్పనక్కర్లేదు. అందరికీ తలుపు తీసి ఉంచింది కాబట్టే జెండాలు మారినా ఆ ఆసుపత్రి నడిచింది. ఊళ్లో కాన్పు కష్టమైన తల్లికీ, మోటారు సైకిల్ మీద నుంచి పడ్డ కుర్రాడికీ డాక్టరు దొరకాలంటే, ఆ డాక్టరు రెండు సైన్యాలకూ పనికొచ్చేవాడై ఉండాలి. దయ సంగతి పక్కన పెట్టి చూసినా లెక్క ఇదే తేలుతుంది.

నిజానికి ఆ ఆసుపత్రి ఈ పద్ధతి వల్ల ముందే చిక్కుల్లో పడింది. 2015 జులై 1న అఫ్గాన్ ప్రత్యేక దళాల సాయుధులు లోపలికి చొరబడి ముగ్గురు రోగులను పట్టుకున్నారు. శత్రువుకు వైద్యం చేసే డాక్టరు శత్రువు మనిషేనన్న అనుమానం అప్పటికే గాల్లో ఉంది. బాంబు పడటానికి చాలాముందే ఆసుపత్రి గోడ బలహీనపడేది ఇలాంటి అనుమానంతోనే.

ఇక రెండో ప్రశ్న మరింత కష్టమైనది. నిజంగానే సాయుధులు ఆసుపత్రిలో దాక్కుని కాల్పులు జరుపుతుంటే? 2023 నవంబరులో ఇజ్రాయెల్ సైన్యం గాజాలోని అల్ షిఫా ఆసుపత్రిలోకి వెళ్లినప్పుడు చెప్పిన కారణం ఇలాంటిదే. హమాస్ దాన్ని సైనిక స్థావరంగా వాడుకుంటోందన్నది వారి వాదన. ఆసుపత్రి డాక్టర్లు, హమాస్ దాన్ని తోసిపుచ్చారు. ఈ వాదన ఏది ఎంత నిజమన్న తగవును తరగతి గదిలో తేల్చాలని చూడకూడదని నా అభిప్రాయం. దానికంటే నియమం ఏమంటుందో చెప్పడం మేలు. 19వ అధికరణం ప్రకారం, శత్రువుకు హాని చేసే పనులకు వాడితే ఆసుపత్రి తన రక్షణ పోగొట్టుకోవచ్చు. కానీ ముందు హెచ్చరిక ఇవ్వాలి. తగిన గడువు ఇవ్వాలి. ఆ హెచ్చరికను పెడచెవిన పెట్టిన తర్వాతే ఆ రక్షణ పోతుంది. గాయపడ్డ సైనికులు అక్కడ చికిత్స పొందుతుండటం హానికరమైన పని కాదని, వాళ్ల దగ్గర తీసుకున్న చిన్న ఆయుధాలు అక్కడ ఉండటం కూడా కాదని ఆ అధికరణమే విడమరిచి చెప్పింది. ఇవన్నీ అయ్యాక కూడా మంచాల మీద ఉన్న రోగులు రోగులే. వాళ్ల ప్రాణాలు లెక్కలోకి రావాలి. ఒక పక్షం ఆసుపత్రిని అడ్డు పెట్టుకుంటే అది నేరం. ఆ నేరానికి శిక్ష డయాలసిస్ మీద ఉన్నవాడికి వేయకూడదు. పదో తరగతి పిల్లలకు ఇది అర్థమవుతుంది. వెనక బెంచీలో ఒకడు అల్లరి చేస్తే తరగతి మొత్తాన్ని ఎండలో నిలబెట్టే మాస్టారు అంటే వాళ్లకు ఎంత కోపమో మనకు తెలుసు.

కుందుజ్‌లో ఈ వాదనకు కూడా చోటు లేదు. ఆసుపత్రి నుంచి కాల్పులు వస్తున్నాయని కొందరు అఫ్గాన్ అధికారులు దాడి తర్వాత అన్నారు. ఆవరణలో సాయుధులు గానీ పోరు గానీ లేవని ఆసుపత్రి సంస్థ సొంత విచారణ తేల్చింది. అమెరికా సైన్యం విచారణ చెప్పిన కథ వేరు. విమానం వాళ్లు వెతుకుతున్నది ఆసుపత్రిని కాదు, అక్కడికి దాదాపు 400 మీటర్ల దూరంలో తాలిబన్లు ఆక్రమించారనుకున్న ఇంటెలిజెన్స్ కార్యాలయాన్ని. యంత్రంలో వేసిన కొలతలు వాళ్లకు ఖాళీ పొలాన్ని చూపించాయి. దాంతో, విన్న వర్ణనకు దగ్గరగా కనిపించిన పెద్ద భవనాన్ని ఎంచుకున్నారు. దాడి చేయకూడని స్థలాల జాబితాలో ఆ ఆసుపత్రి ఉంది. నాలుగు రోజుల ముందే, సెప్టెంబరు 29న, సంస్థ తన అక్షాంశ రేఖాంశాలను మళ్లీ అందరికీ పంపింది. కానీ ఆ జాబితా విమానంలోకి ఎక్కలేదు. కాల్పులకు నిమిషం ముందు విమాన సిబ్బంది తాము కొట్టబోయే చోటు కొలతలను బగ్రామ్‌లోని కార్యాలయానికి చెప్పారు. అవి ఆసుపత్రివని అక్కడ ఎవరూ గుర్తించలేదు. 2:20 ప్రాంతంలో సంస్థ ప్రతినిధులు ఫోన్ చేసి మా ఆసుపత్రి మీద దాడి జరుగుతోందని చెప్పారు. తప్పు జరిగిందని కార్యాలయానికి అర్థమయ్యేసరికి 2:37 అయింది. పదిహేడు నిమిషాలు!

ఆసుపత్రి పైకప్పు మీద సంస్థ జెండాలు ఉన్నాయి. రాత్రివేళ విమానం నుంచి కనిపించేలా రెడ్‌క్రాస్ లాంటి అంతర్జాతీయ గుర్తు లేదని అమెరికా విచారణ ఎత్తిచూపింది. గుర్తు లేకపోయినా ఆసుపత్రి ఆసుపత్రే. రక్షణ గుర్తు వల్ల రాదు. గుర్తు ఆ రక్షణను దూరం నుంచి కనిపించేలా చేస్తుందంతే. అయినా ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

2016 ఏప్రిల్‌లో వెలువడిన ఆ విచారణ ఫలితం చూస్తే, పదహారు మంది మీద శాఖాపరమైన చర్యలు. మందలింపు లేఖలు, పదవి నుంచి తొలగింపు, మళ్లీ శిక్షణ. ఎవరి మీదా నేరారోపణ లేదు. కావాలని చేయలేదు కాబట్టి యుద్ధ నేరం కాదన్నారు. చనిపోయినవారి కుటుంబాలకు ఆరువేల డాలర్లు, గాయపడ్డవారికి మూడు వేలు ఇచ్చారు. స్వతంత్ర విచారణ కావాలని సంస్థ మొదటి రోజు నుంచీ అడిగింది. అందుకోసమే ఏర్పడ్డ అంతర్జాతీయ నిజనిర్ధారణ కమిషన్ ఉంది కానీ, సంబంధిత దేశాలు ఒప్పుకుంటే తప్ప అది అడుగు వేయలేదు. వాళ్లు ఒప్పుకోలేదు. తప్పు చేసినవాడే విచారించి, తానే తీర్పు చెప్పుకునే పద్ధతి ఇది. గ్రామ పంచాయతీలో కూడా దీన్ని ఒప్పుకోం. నా దృష్టిలో కుందుజ్‌లో అసలు ఓటమి బాంబులతో పోలిస్తే ఇక్కడే ఎక్కువ జరిగింది. పొరపాటు అన్న మాట ఇంత చవకైతే, తర్వాతివాడు ఆ మాట చేతిలో పట్టుకునే బయలుదేరతాడు.

2016 మే 3న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2286వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. యుద్ధంలో ఆసుపత్రుల మీద, వైద్యుల మీద దాడులను ఖండించింది. దానికి ఆరు రోజుల ముందే సిరియాలోని అలెప్పోలో అల్ ఖుద్స్ ఆసుపత్రి మీద వైమానిక దాడి జరిగి 50 మందికి పైగా చనిపోయారు. మండలిలోని ఐదు శాశ్వత సభ్య దేశాల్లో నాలుగు, ఏదో ఒక మేరకు, గత ఏడాదిలో ఆసుపత్రుల మీద దాడులు చేసిన కూటములతో సంబంధం ఉన్నవేనని డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అధ్యక్షురాలు జోయాన్ లియూ అదే సమావేశంలో వాళ్ల ముఖం మీదే చెప్పారు. ఇలాంటి పని ఒక దేశానికో, ఒక పక్షానికో పరిమితం కాదు. 2020 మే 12న కాబూల్‌లోని దస్త్-ఎ-బర్చీ ప్రసూతి ఆసుపత్రిలోకి చొరబడి తల్లులను కాల్చి చంపింది విమానం కాదు, తుపాకులు పట్టుకుని నడిచి వచ్చిన మనుషులు. 2025 జనవరిలో సూడాన్‌లోని ఎల్ ఫాషర్‌లో ఒక ఆసుపత్రి మీద జరిగిన దాడిలో సుమారు 70 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

సిరియాలో డాక్టర్లు చివరికి పైకప్పుల మీది ఆసుపత్రి గుర్తులను తుడిపేశారు. గుర్తు ఉంటే కాపాడుతుందన్న నమ్మకం పోయి, ఉంటే వెతికి మరీ కొడతారన్న భయం పట్టుకుంది. నేలమాళిగల్లో, గుహల్లో ఆపరేషన్లు చేశారు.

చనిపోయినవాళ్ల లెక్కతో దాడి నష్టం పూర్తి కాదు. 2014లో కుందుజ్ ఆసుపత్రి 22,000 మందికి పైగా రోగులను చూసింది, 5,900కు పైగా ఆపరేషన్లు చేసింది. ఈశాన్య అఫ్గానిస్తాన్‌లో ఆ స్థాయి ట్రామా వైద్యం అందించే చోటు అదొక్కటే. దాడి మర్నాటి నుంచి అది లేదు. అక్కడ సంస్థ కొత్త ట్రామా ఆసుపత్రి తెరిచింది 2021 ఆగస్టులో. మధ్యలో గడిచిన దాదాపు ఆరేళ్లలో, అంతకు ముందు బతికి ఉండేవాళ్లు ఎందరు దారిలోనే పోయారో ఏ విచారణా లెక్క కట్టలేదు. వాళ్ల పేర్లు 42లో ఉండవు.

సోలాపూర్ పాఠకులకు ఒక మాట. మీ ఊరి డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. 1938లో జపాన్ దాడిలో ఉన్న చైనాకు భారత జాతీయ కాంగ్రెస్ పంపిన ఐదుగురు డాక్టర్లలో ఆయన ఒకరు. అదే ఏడాది అక్కడ కెనడా సర్జన్ నార్మన్ బెథూన్ ఒక పల్లెలో ఆదర్శ ఆసుపత్రి కట్టిస్తే జపాన్ సేనలు కొద్ది వారాల్లోనే దాన్ని నేలమట్టం చేశాయి. బెథూన్ మరుసటి ఏడాది చనిపోయాడు. ఆయన పేరున వెలిసిన ఆసుపత్రికి కోట్నిస్ డైరెక్టరయ్యాడు. 1942 డిసెంబరు 9న, 32 ఏళ్ల వయసులో, అక్కడే కన్నుమూశాడు. కోట్నిస్ ఒక పక్షం సైన్యంతో ఉన్న డాక్టరే కదా, ఆయనకు ఈ నియమం వర్తిస్తుందా అని ఎవరైనా అడిగితే, వర్తిస్తుంది. సైన్యంలోని వైద్యులకు కూడా 1864 నుంచీ రక్షణ ఉంది. ఆ ఊరి బళ్లలో పిల్లలను ఆ ఇంటికి తీసుకెళ్లే టీచర్లు, ఆయన త్యాగంతో పాటు ఆ కూల్చిన ఆసుపత్రి కథ కూడా చెబితే బాగుంటుంది.

ఇప్పుడు గుర్తు సంగతి. తెల్లటి నేల మీద ఎర్ర శిలువ, లేదా ఎర్ర నెలవంక, డాక్టర్ల గుర్తు కాదు. సైన్యం వైద్య సేవల గుర్తు, రెడ్‌క్రాస్ సంస్థ గుర్తు. రణరంగంలో "ఇక్కడ కాల్చవద్దు" అని దాని అర్థం. మన 1960 చట్టం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఇంకెవరూ దాన్ని వాడకూడదంటుంది. జరిమానా ఐదువందల రూపాయల దాకా. ఆ మొత్తం చూస్తే చట్టాన్ని ఎవరు పట్టించుకుంటారో తెలుస్తూనే ఉంది. హోసూరు నుంచి బరంపురం దాకా ఏ వీధిలో చూసినా మందుల షాపు బోర్డు మీద, డాక్టరుగారి కారు అద్దం మీద, ల్యాబ్ రశీదు మీద అదే గుర్తు. శాంతికాలంలో దీనివల్ల ఎవరికీ ఏమీ కాదు, అది నిజమే. కానీ మందుల కొట్టు గుర్తుగా పిల్లల మనసులో ముద్ర పడ్డ దానికి, ఒక యుద్ధంలో ప్రాణాలు నిలిపే బరువు ఎక్కడి నుంచి వస్తుంది?

మన బళ్లు కూడా ఇందులో ఉన్నాయి. ఫస్ట్ ఎయిడ్ పెట్టె మీద, వైద్య శిబిరం బ్యానర్ మీద, పిల్లల నాటకంలో డాక్టరు టోపీ మీద ఎర్ర శిలువే గీస్తాం. జూనియర్ రెడ్‌క్రాస్ యూనిట్ ఉన్న బడికి ఆ సంస్థ నిబంధనల ప్రకారం వాడుకునే వీలుంది. మిగతావాటికి లేదు. ప్రథమ చికిత్సకు ప్రపంచమంతటా ఆకుపచ్చ నేల మీద తెల్ల శిలువ వాడుతున్నారు. డబ్బా పెయింటు, గంట పని. బడి పెట్టె రంగు మారిస్తే పిల్లలు ఎందుకని అడుగుతారు. వాళ్లకు చెప్పడానికి కుందుజ్ ఉంది, అలెప్పోలో తుడిచేసిన పైకప్పులు ఉన్నాయి.